విద్యార్థి, ఉద్యోగార్థి, అభ్యర్థి

కొల్లాపూరులో ఈల గుర్తుపై నిలిచిన ఒక యువతి కథ. దాని వెనుక నల్లగొండ, పాలమూరు మెట్టనేలల డెబ్బదియేండ్ల అర్జీ

మన భాషలో 'అర్థి' యను మాట చేయి చాచిన మాట. విద్యను కోరువాడు విద్యార్థి, కొలువును కోరువాడు ఉద్యోగార్థి, ఓటును కోరువాడు అభ్యర్థి. పత్రికలవారు దీనికి తోడు మఱియొక చిత్రము చేసినారు: పోటీపరీక్షకు హాల్ టికెట్టు చేతబట్టి వరుసలో నిలిచినవానిని, ఎన్నికల అధికారి బల్లముందు నామినేషను పత్రము చేతబట్టి నిలిచినవానిని, ఇరువురిని 'అభ్యర్థి' యనియే వ్రాయుచుందురు. పదమొక్కటే యైనను ఆ రెండు వరుసలును సాధారణముగా కలియవు; మొదటి వరుసలోనివాడు సర్కారును అడుగువాడు, రెండవ వరుసలోనివాడు తానే సర్కారగుదునని అడుగువాడు. 2023 నవంబరులో, నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపూరు నియోజకవర్గమున, ఆ రెండు వరుసలును ఒక్క మనిషియందు కలిసినవి. ఆమె పేరు కర్నె శిరీష. లోకము పిలుచు పేరు బర్రెలక్క.

ఆమె గెలువలేదు. ఈ మాట ముందే చెప్పివైచుట మేలు. పార్టీ లేక, పైకము లేక, తాతతండ్రుల పేరు లేక, ఇరువదియైదేండ్ల వయోనియమమును ఇప్పుడిప్పుడే దాటిన ఒక పడుచు శాసనసభకు పోటీచేసినప్పుడు, గెలుపు దాదాపు అసాధ్యమని ఊరూర అందఱెరిగినదే. అట్లెరిగియుండియు నామినేషను వేయుటలోని అర్థమేమి, ఓటు వేయుటలోని అర్థమేమి యని విచారించినకొలది, ఈ మెట్టనేలలలో నామినేషను పత్రము పలుమారులు, ఏ కచ్చేరియు జవాబీయని అర్జీకి చిట్టచివరి ప్రతి యగుచు వచ్చినదని తెలియవచ్చును.

పాలకేంద్రము ముందు

నల్లమల యంచున, కృష్ణ యొడ్డున నున్న కొల్లాపూరు ఒకనాడు సురభివారి సంస్థానమునకు రాజధాని. నేటికిని పట్టణమున వారి కోట నిలిచియున్నది. దాపుననే సోమశిల రేవు, చుట్టును పేరుగన్న మామిడితోటలు. చూడవచ్చినవాడు ఇది సంపన్నసీమ యనుకొని పోవును. కాని నది పల్లమునను చేను మెరకను ఉండుట ఈ ప్రాంతపు పుట్టుదోషము. చెఱువు నిండిన యేడు తిండి, నిండని యేడు వలస. గుంపుమేస్త్రి చేతినుండి ముందుగా పైకము పుచ్చుకొని, పిల్లలను ముసలివారికి వదలి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టిమోసిన కూలీలవలన 'పాలమూరు లేబరు' అనునది దేశమున ఒక జాతివాచకమే అయినది. తుదకు శ్రీశైలము ఆనకట్ట నీరు వెనుకకు తన్ని ఈ తాలూకా పల్లెలనే ముంచినది. మునిగిన కుటుంబమునకు ఒక ఉద్యోగమను మాటతో 1986లో వెలువడిన 98వ నెంబరు జీవో పట్టుకొని, తండ్రుల తరువాత కొడుకులు కచ్చేరుల చుట్టు తిరిగినారు. కనుక కొలువు కొఱకు ఎదురుచూచుట ఈ నియోజకవర్గమునకు నిన్నమొన్న పట్టిన జబ్బు గాదు. పొలము మునిగినను మునుగక మిగిలిన పిత్రార్జితము.

ఆ పిత్రార్జితమునకు పెద్దకొత్తపల్లి మండలపు ఒక పేదయింట పుట్టిన శిరీష కూడ వారసురాలే. ఆమె డిగ్రీ చదివినది, కొలువు కొఱకు చూచినది. ఆ తరముయొక్క నిరీక్షణ ఎట్టిదో తెలియుటకు గ్రూప్-1 కథ యొక్కటి చాలును. 503 ఉద్యోగముల కొఱకు 2022 అక్టోబరు 16న జరిగిన ప్రాథమిక పరీక్షను రెండున్నర లక్షలకు మించినవారు వ్రాసిరి. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని తేలుటతో 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూన్ 11న మరల వ్రాసిరి. సెప్టెంబరులో హైకోర్టు దానినిగూడ రద్దుచేసెను. హైదరాబాదు అశోకనగరపు ఇరుకు గదులలో అద్దె కట్టుకొనుచు, మెస్సుల్లో రెండుపూటల తిండిని ఒక పూటకు కుదించుకొనుచు చదివిన పిల్లలకు ఆ యేడాది ఏమి మిగిలినదనగా, ఒకే పరీక్షకు రెండు హాల్ టికెట్లు.

ఈ పరీక్షల రభసకు ముందే శిరీష ఒక చిన్న వీడియో తీసినది. పక్కన బర్రెలు మేయుచుండగా, ఎన్ని పట్టాలు తెచ్చుకొన్నను నోటిఫికేషను రాదు గనుక అమ్మచేత నాలుగు బర్రెలను కొనిపించుకొని కాచుకొనుచున్నానని నవ్వుచు చెప్పినది. ఆ నవ్వులో నున్న వాడి ఎట్టిదో తెలుగిండ్లలో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చదువునకు మొండికెత్తిన ప్రతి పిల్లవానికి తల్లిదండ్రులు పెట్టు బెదురు ఒకటి కలదు: "సదువుకోకపోతే బర్లు కాసుడే!" ఆ బెదురునకు వెఱచి పదునేడేండ్లు చదివి, చదువు ముగిసిన తరువాత మరల బర్రెల వెంటనే నిలువవలసివచ్చిన తరమొకటి ఆ పిల్ల మాటలో తన్ను తాను చూచుకొన్నది. లక్షలమంది చూచిరి, ఆమెపై పోలీసు కేసొకటి నమోదయ్యెను, వెక్కిరింతగా మొదలైన 'బర్రెలక్క' యను పేరు, చివర నున్న 'అక్క' వలన మెల్లమెల్లగా ఆత్మీయమైన పిలుపయ్యెను.

బర్రెను ఎంచుకొనుటలో హాస్యమే గాదు, లెక్కయు కలదు. పల్లెలో తెల్లవాఱక ముందే పాలు పిదికి, క్యాను పట్టుకొని పాలకేంద్రమునకు పోయినచో, అక్కడ గిన్నెడు పాలు తీసి ఫ్యాటు చూతురు. వెన్నశాతమును బట్టి వెల, చిట్టీ మీద అంకె, పక్షమున కొకసారి బిల్లు. చిన్నదో పెద్దదో ఆ బిల్లు వచ్చును. ఇంత పాలు పోసినందుకు ఇంత సొమ్మను నియమము అక్కడ కలదు. ఇన్నియేండ్లు చదివినందుకు ఇదియని తేల్చి చెప్పు చిట్టీ మాత్రము పట్టభద్రునికి ఎక్కడను దొరకదు.

పదిమంది సంతకములు

రాజ్యాంగపు 173వ అధికరణము శాసనసభకు పోటీచేయగోరువానికి ఇరువదియైదేండ్లు నిండవలెనని మాత్రము వయోనియమము పెట్టినది; చదువును గాని సొత్తును గాని అడుగలేదు. కాని చట్టము మఱికొన్ని గడపలు కట్టినది. గుర్తింపుపొందిన పార్టీవారికి ఒక్క ప్రతిపాదకుని సంతకము చాలును. స్వతంత్రునికి ఆ నియోజకవర్గపు ఓటర్లు పదిమంది వ్రాలు చేయవలెను. సామాన్యులకు 10,000 రూపాయలు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అందులో సగము ధరావతు కట్టవలెను. ఈ గడపలు ఎందుకు కట్టబడినవని తవ్విచూచినచో దారి తిన్నగా కొల్లాపూరునకు ఈశాన్యముననున్న నల్లగొండకే పోవును.

నల్లగొండ నేలలో నీరు కలదు, ఆ నీటిలో ఫ్లోరైడు కలదు. మర్రిగూడెము, మునుగోడు పరిసరముల పల్లెలలో పిల్లల పండ్లు గోధుమవన్నె తిరుగుట, నడివయసు రాకమునుపే వెన్ను వంగుట, కాళ్లు వంకరలు పోవుట తరతరములుగా చూచినదే. అర్జీలు పెట్టిరి, పాదయాత్రలు చేసిరి, ధర్నాలకు కూర్చుండిరి. వినువారు లేకపోగా, దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి 1996 లోకసభ యెన్నికలలో ఒక విచిత్రమైన ఉపాయము పన్నినది: గోడు చెప్పుకొనువారందఱు అభ్యర్థులే కావలెను. నల్లగొండ లోకసభ స్థానమునకు బరిలో మిగిలినవారు 480 మంది. అది కాగితపు బ్యాలెట్టు కాలము. ఓటరు చేతికి ఒక చీటీకి బదులు ఒక పుస్తకమే ఇయ్యవలసివచ్చెను. దానికి తగిన పెట్టెలు కావలసివచ్చెను. ఆ యేర్పాట్లకై పోలింగునే వాయిదా వేయవలసివచ్చెను. కమ్యూనిస్టు యోధుడు బొమ్మగాని ధర్మభిక్షము గెలిచెను; మిగిలినవారిలో ఇద్దఱో ముగ్గురో తప్ప అందఱును ధరావతు కోల్పోయిరి. ఐనను నల్లగొండ నీటి గోడు దేశపు పత్రికల మొదటి పుటకెక్కినది. వంగిన వెన్నెముకలకు లేని బరువు, ఆ బ్యాలెట్టు పుస్తకమునకు వచ్చినది.

అదే యేడు తమిళనాట మొడకురిచ్చి శాసనసభ స్థానమున వేయికి పైబడి, కర్ణాటకమున బెళగావి లోకసభ స్థానమున నాలుగువందలకు పైబడి అభ్యర్థులు నిలిచిరి. ఇట్టి వెల్లువ మరల రాగూడదని 1996లోనే పార్లమెంటు ప్రజాప్రాతినిధ్యచట్టమును సవరించినది. అసెంబ్లీ ధరావతు 250 నుండి 5,000 రూపాయలకు, లోకసభ ధరావతు 500 నుండి 10,000కు పెరిగినవి. 2009లో అవి మరల పెరిగి 10,000, 25,000 అయినవి. స్వతంత్రునికి పది సంతకములను నియమము కూడ ఆ 1996 సవరణమునుండి వచ్చినదే. చట్టము చెప్పినది స్థూలముగా ఇది: అర్జీదారులు గుంపుగా ఈ ద్వారమున రావలదు. ఆ ద్వారము నిట్లు ఇరుకుచేసిన ఇరువదియేడేండ్లకు, నల్లగొండ పొరుగుననే ఒక ఆడపిల్ల పదిమంది సంతకములు కూడగట్టుకొని ఒంటరిగా లోపలికి వచ్చినది.

ఇంటిపేరు గల యౌవనము

ఈ మెట్టనేలలకు యువ అభ్యర్థులు క్రొత్త కాదు. సాయుధపోరాటపు వేడి చల్లాఱకమునుపే వచ్చిన 1952 ఎన్నికలలో, కమ్యూనిస్టుపార్టీపై హైదరాబాదు రాష్ట్రమున నిషేధముండగా పి.డి.ఎఫ్. (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేర నిలిచినవారిని నల్లగొండ ప్రజ తలకెత్తుకొనెను. రావి నారాయణరెడ్డికి లోకసభకు పడిన ఓట్లు నెహ్రూకు పడిన వానికంటెను మిక్కుటము. ఆ వెల్లువలోనే, అప్పటికి ముప్పదిరెండేండ్లు మించని ఆరుట్ల కమలాదేవి, అడవిని, చెఱసాలను చూచివచ్చిన చేతులతో ఆలేరునుండి శాసనసభకు పోయెను. మాడ్గుల వాడైన జైపాల్‌రెడ్డి, పసితనముననే పోలియో సోకి చంకకఱ్ఱల ఊతతో నడచినవాడు, 1969లో ఇరువదియేడేండ్లప్రాయమున కల్వకుర్తి ప్రతినిధియై సభలో అడుగిడెను. ఆ కల్వకుర్తియే 1989లో ముఖ్యమంత్రిగా నున్న నందమూరి తారకరామారావును ఓడించి చిత్తరంజనదాసును గెలిపించినది. పెద్దపేరును చూచి జంకు ఓటరు కాడు పాలమూరువాడు.

ఐనను ఇటీవలి యౌవనమును పరికించినచో ఒక తేడా కన్పట్టును. 2021లో నాగార్జునసాగరు ఉపయెన్నికలో జానారెడ్డి వంటి కురువృద్ధుని ఓడించిన నోముల భగత్, ఆ స్థానముననే ఎన్నికై మరణించిన నోముల నర్సింహయ్య కుమారుడు. 2023లో ఆ భగత్‌ను ఓడించిన జైవీర్‌రెడ్డి, జానారెడ్డి కుమారుడు. నారాయణపేటలో ముప్పదియేండ్ల వైద్యురాలు చిట్టెం పర్ణికారెడ్డి ఎనిమిదివేలకు దగ్గరి ఆధిక్యముతో గెలిచెను. 2005 స్వాతంత్ర్యదినమున నారాయణపేటలో మావోయిస్టుల తూటాలకు కూలిన మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి ఆమెకు తాత, ఆనాడే ఆయనతోపాటు ప్రాణములిడిచిన వేంకటేశ్వరరెడ్డి తండ్రి. వీరిలో ఎవరి అర్హతను శంకించుటకు ఇది వ్రాయుట లేదు. నెత్తుటితో తడిసిన వారసత్వమును మోయుట తేలికపని కాదు. కాని పార్టీ బి-ఫారము యువకుని వెదకికొనుచు వచ్చునప్పుడు ముందు ఏ గుమ్మము తట్టునో చెప్పుటకు ఈ పేర్లు చాలును. ఇంటిపేరు లేని యౌవనమునకు మిగిలిన మార్గమొక్కటే: స్వతంత్రత, అనగా స్వంత ఖర్చు.

ఈల

ఎన్నికల సంఘము విడిచిపెట్టిన గుర్తులలోనుండి శిరీషకు ఈల వచ్చినది. గుర్తు అచ్చువేయించి గోడకంటించుటకు పైకము కావలెను. ఈల కది అక్కరలేదు. జాతరలో పదిరూపాయలకు దొరకునది, బస్సు కండక్టరు చేత నుండునది, బడిలో ఆటల సారు మెడకు వ్రేలాడునది. రచ్చకట్టయొద్ద ఒక కుఱ్ఱవాడు ఈల ఊదినచో, వాకిట కూర్చున్న ముసలమ్మకు గుర్తు తెలిసిపోవును. పది జీపులు, ఇరువది మైకులు చేయవలసిన పనిని ఒక్క గాలి చేయును. అభ్యర్థి వ్యయపరిమితి నలువది లక్షలని నియమావళి చెప్పుచున్నను, అసలు ఖర్చు ఆ యంకెను చూచి నవ్వునని పల్లెలలో ఎవరి నడిగినను చెప్పుదురు. అట్టిచోట ఊపిరితో నడచు ప్రచారము వినోదమును గలిగించినది, విస్మయమును గలిగించినది, కొందఱికి కంటగింపును గలిగించినది.

ప్రచారము నడుమ ఆమె తమ్మునిపై దాడి జరిగెను. ఆమె హైకోర్టు గుమ్మమెక్కెను. సభలకు, పర్యటనలకు రక్షణ కల్పింపవలెనని న్యాయస్థానము పోలీసుల నాదేశించెను. ఆ దినములలోనే ఆదరమును పోటెత్తెను. యానామునుండి పుదుచ్చేరి మాజీమంత్రి మల్లాడి కృష్ణారావు లక్షరూపాయల విరాళమిచ్చెను, సి.బి.ఐ. పూర్వాధికారి వి.వి. లక్ష్మీనారాయణ వచ్చి ఆమెకు అండగా మాటాడెను; హైదరాబాదు కోచింగు గదుల పిల్లలు కొందఱు స్వంతఖర్చుతో బస్సెక్కివచ్చి ఇంటింట తిరిగిరి. విదేశములలోని తెలుగువారును ఫోనులో ఈల మ్రోతను వినిరి. ఒక దశలో, కొల్లాపూరు పేరు విననివారికిగూడ బర్రెలక్క పేరు తెలిసినది.

ఇక్కడనే ఒక చిక్కు కలదు. ఫోనులో మెచ్చుకొనినవారికి కొల్లాపూరులో ఓటు లేదు. కొల్లాపూరులో ఓటున్నవానికి పింఛను, రైతుబంధు, ఇల్లు, కులము, కక్ష, మొగమాటము అను నూఱు లెక్కలు కలవు. వాని కెదుట నిలిచినవారును సామాన్యులు గారు. 1999 నుండి ఐదుమార్లు ఇక్కడ గెలిచిన జూపల్లి కృష్ణారావు కాంగ్రెసు పక్షమున, 2018లో ఆయననే ఓడించిన బీరం హర్షవర్ధన్‌రెడ్డి భారత రాష్ట్ర సమితి పక్షమున తలపడుచుండిరి. స్వతంత్రుని గెలిపించుట కొల్లాపూరునకు తెలియని విద్యయేమియు గాదు. 2004లో జూపల్లి గెలిచినది స్వతంత్రుడుగానే. కాని వేళ్లు పాతుకొనిన నాయకుని స్వతంత్రత వేరు, నిన్న ఫోనులో మొలచిన పడుచు స్వతంత్రత వేరు. ఇల్లు కాలుచున్నవాడు బిందె పట్టుకొని పరుగెత్తునే గాని, బావి త్రవ్వుట కుపక్రమించునా? ఇద్దఱిలో ఎవరు గెలుతురో తేల్చవలసిన ఓటు నాల్గవవానికి వేయుటకు సామాన్యుడు వెనుదీయుట న్యాయమే.

ఏడు సెకనులు

నవంబరు 30న పోలింగు, డిసెంబరు 3న లెక్కింపు. రౌండు తరువాత రౌండు గడచినకొలది సంగతి తేటపడెను. జూపల్లి కృష్ణారావు దాదాపు ముప్పదివేల ఆధిక్యముతో గెలిచి, పిదప మంత్రియయ్యెను. హర్షవర్ధన్‌రెడ్డి రెండవస్థానమున, భారతీయ జనతాపార్టీ అభ్యర్థి మూడవస్థానమున నిలిచిరి. నాల్గవస్థానమున కర్నె శిరీష. వచ్చిన ఓట్లు 5,754. ధరావతు దక్కుటకు చెల్లిన ఓట్లలో ఆఱవవంతు మించవలెను. ఆమెకు నూటికి మూడు మాత్రము దక్కినవి. పరీక్షకు కట్టిన రుసుమువలెనే పోటీకి కట్టిన ధరావతును సర్కారు ఖజానాకే చేరినది.

మఱుసటి ఫిబ్రవరిలో క్రొత్త ప్రభుత్వకాలమున 563 ఉద్యోగములతో గ్రూప్-1కు తాజా నోటిఫికేషను వెలువడినది. దానిని ఈల ఊది తెచ్చిన దనుట అతిశయోక్తి యగును. నిరుద్యోగుల కోపము రాష్ట్రమంతట పండియున్నప్పుడు కొల్లాపూరు అందులో ఒక్క కంకి మాత్రమే. 2024లో ఆమె నాగర్‌కర్నూలు లోకసభ స్థానమునకు మరల స్వతంత్రురాలిగా నిలిచినది, మరల ఓడినది. ఆమె రాజకీయము ముందెటు నడచునో జోస్యము చెప్పుట ఈ వ్యాసకర్త పని గాదు. ఫోను తెచ్చిన కీర్తి ఫోనువలెనే ఛార్జింగు అడుగుచుండును. ఊరూర తిరిగి కూడగట్టుకొనవలసిన బలము దానంతట అది రాదు. ఈ మాట ఆమెకేగాక ఆమెను చూచి రేపు నామినేషను వేయదలచువారికిని వర్తించును.

కాని ఆ 5,754 ఓట్లను ఓటమి పట్టికలో మూడుశాతమని వ్రాసి పుట త్రిప్పివేయుటకు మనసొప్పదు. పోలింగు గదిలో ఓటరు అట్ట మఱుగున ఒంటరిగా నిలిచి మీట నొక్కగానే, పక్కనున్న వీవీప్యాటు యంత్రపు అద్దము వెనుక ఒక చిన్న చీటీ వెలువడును. దానిపై వరుససంఖ్య, అభ్యర్థి పేరు, గుర్తు ఉండును. ఆ చీటీ ఏడు సెకనులు నిలిచి, తెగి, పెట్టెలో పడిపోవును. తన ఓటు గెలువదని ఎరిగియు, పింఛనుకును కులమునకును మొగమాటమునకును ఆ క్షణమున సెలవిచ్చి, మీట నొక్కినవాడు ఆ ఏడు సెకనులును ఒక నిరుద్యోగి పేరును చదివినాడు. ఏడేసి సెకనుల చొప్పున 5,754 మారులు లెక్కకట్టినచో పదునొకండు గంటలు దాటును. ఉదయము ఏడుగంటలకు మొదలై సాయంత్రమయిదింటికి ముగిసిన ఆనాటి పోలింగుకంటెను దీర్ఘమైన కాలము. ఏ కచ్చేరిలోను ఏ గుమస్తాయు నిమిషమైనను నిలిచి చదువని అర్జీని, కొల్లాపూరువారు అంతసేపు చదివినారు.